నియాన్: దేనితోనూ కలవని వాయువు కళకు ముడిసరుకైన వైనం

రసాయన శాస్త్రపు లెక్కలో నియాన్ ఏమీ చేయని మూలకం. అది మండదు, మరొకదాన్ని మండనివ్వదు, లోహాన్ని తుప్పు పట్టించదు, ఆక్సిజన్‌తో గాని ఫ్లోరిన్‌తో గాని జత కట్టదు. జడవాయువుల కుటుంబంలోనే ఉన్న జెనాన్, క్రిప్టాన్‌లను 1960ల మొదట్లో శాస్త్రవేత్తలు ఇతర మూలకాలతో కలపగలిగారు. ఆర్గాన్ కూడా 2000లో అతిశీతల స్థితిలో ఒక సమ్మేళనానికి లొంగింది. విద్యుదావేశం లేని నిజమైన నియాన్ సమ్మేళనం మాత్రం ఇంతవరకు ఒక్కటీ తయారు కాలేదు. ఇంతటి నిర్లిప్త పదార్థం ఇరవయ్యో శతాబ్దపు కళలో అందరి చూపునూ లాగే మాధ్యమంగా ఎలా మారిందన్నది ఈ వ్యాసం విప్పి చూపదలచిన చిక్కుముడి. కళాకారులు నియాన్‌ను దాని జడత్వాన్ని పట్టించుకోకుండా వాడుకోలేదనీ, ఆ జడత్వమే వారికి పనికివచ్చిన గుణమనీ, గాజుగొట్టంలో జరిగేది తెలియకపోతే ఆ కళాకృతులు మనకు సగమే అర్థమవుతాయనీ నా నమ్మకం.

మన ఇళ్లలో నియాన్‌ను అతి దగ్గరగా చూడగలిగేది టెస్టర్‌లో. ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే ఆ చిన్న స్క్రూడ్రైవర్ పిడి లోపల గోరంత గాజుబుడ్డి ఉంటుంది, అందులో రెండు సన్నని తీగలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. మొనను ఫేజ్‌కు ఆనించి వెనుక టోపీ మీద వేలు పెట్టగానే ఆ తీగలను అంటిపెట్టుకుని నారింజ రంగు పొర ఒకటి వెలుగుతుంది. వెలిగేది తీగ కాదు, తీగ చుట్టూ ఉన్న వాయువు. పాత బల్బులో ఫిలమెంటు వేడెక్కి వెలిగేది, ఇక్కడ వేడెక్కేది ఏదీ లేదు. పిడిలోని నిరోధకం అడ్డుకోవడం వల్ల మన ఒంటి గుండా పోయే కరెంటు ఒక మిల్లీఆంపియర్‌లో చిన్న భాగానికి మించదు, అయినా ఆ కాస్త కరెంటుతోనే వెలుగు పుడుతుంది. ఇంటి కరెంటు ఏసీ కాబట్టి రెండు తీగలూ వెలిగినట్టు కనిపిస్తాయి గాని, నిజానికి ఏ క్షణంలో ఏ తీగ రుణధ్రువమైతే ఆ క్షణంలో దాని చుట్టూ మాత్రమే వెలుగు ఉంటుంది. ధ్రువాల మార్పు సెకనులో అనేక సార్లు జరుగుతుంది కనుక మన కన్ను ఆ తేడాను పట్టుకోలేదు.

ఆ వెలుగు ఎలా పుడుతుందో కొంచెం నిదానంగా చూడాలి. నియాన్ పరమాణువులో 10 ఎలక్ట్రాన్లు ఉంటాయి, లోపలి కర్పరంలో 2, బయటి కర్పరంలో 8. బయటి కర్పరంలో ఖాళీ లేదు గనుక మరో పరమాణువు నుంచి తీసుకోవలసిన అవసరం గాని, ఇవ్వవలసిన అవసరం గాని దానికి ఉండదు. దాని నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే 21.6 ఎలక్ట్రాన్‌వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది) శక్తి కావాలి, అదే సోడియానికైతే 5.1 చాలు. మంటలోనో ఆమ్లంలోనో దొరికే శక్తి దీనికి ఏ మూలకూ చాలదు, అందుకే అది జడవాయువు. అయితే పలుచటి వాయువు నింపిన గొట్టానికి రెండు చివర్ల ఎలక్ట్రోడ్లు అమర్చి అధిక వోల్టేజి ఇచ్చినప్పుడు, విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు ఆ విద్యుత్ క్షేత్రంలో వేగం పుంజుకుని పరమాణువులను ఢీకొంటాయి. ఆ దెబ్బకు కొన్ని పరమాణువులు అయాన్లవుతాయి, మరికొన్నింటిలో బయటి ఎలక్ట్రాన్ ఒకటి 18.4 నుంచి 19 ఎలక్ట్రాన్‌వోల్టుల ఎత్తున ఉన్న స్థాయికి ఎగబాకుతుంది. అక్కడ అది నిలవలేక దాదాపు 16.7 దగ్గర ఉన్న స్థాయికి దిగుతుంది. ఆ రెండింటి మధ్య తేడా సుమారు 2 ఎలక్ట్రాన్‌వోల్టులు, మన కంటికి ఎరుపు, నారింజ రంగులుగా కనిపించే శక్తి సరిగ్గా అంతే. అక్కడి నుంచి అట్టడుగుకు దిగేటప్పుడు వెలువడే మిగతా శక్తిలో కాంతిగా మారేది అతినీలలోహిత కిరణమే, దాన్ని గాజు బయటికి రానివ్వదు. అంటే ఆ స్థాయికి ఎక్కిన పరమాణువు పొందిన శక్తిలో పదో వంతు మాత్రమే మనకు కనిపించే వెలుగవుతోంది.

ఈ వివరంలో కళకు సంబంధించిన అసలు సంగతి ఒకటి ఉంది. ఫిలమెంటు బల్బు రంగు దాని వేడిని బట్టి మారుతుంది, కరెంటు తగ్గితే ఎర్రబడుతుంది, పెరిగితే తెల్లబడుతుంది. నియాన్ అలా మారదు. కరెంటు తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది గాని రంగు అదే ఉంటుంది, ఎందుకంటే ఆ రంగును నిర్ణయించేది పరమాణువులోని స్థాయిల మధ్య దూరం. దాని వర్ణపటంలో 585 నుంచి 703 నానోమీటర్ల దాకా ఒకదాని పక్కన ఒకటి పదునైన గీతలు బారులు తీరి ఉంటాయి, ఆకుపచ్చ వైపు ఉన్న గీతలు బలహీనమైనవి. చిత్రకారుడు వాడే ఎరుపు కొన్నేళ్లకు వెలిసిపోవచ్చు, రంగుల కంపెనీ మారితే ఛాయ మారవచ్చు. నియాన్ ఎరుపు మాత్రం కనుగొన్న రోజున ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

ఆ మొదటి రోజు 1898 జూన్‌లో వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవీకరించిన గాలిని మెల్లగా మరిగిస్తూ, ఒక్కొక్క ఉష్ణోగ్రత దగ్గర ఆవిరయ్యే భాగాన్ని విడివిడిగా పట్టి పరీక్షిస్తున్నారు. మే నెలాఖరులో క్రిప్టాన్, జూన్‌లో నియాన్, జూలైలో జెనాన్ అలా వరుసగా బయటపడ్డాయి. కొత్త వాయువును గొట్టంలోకి ఎక్కించి విద్యుత్తు పంపినప్పుడు భగ్గుమన్న ఎర్రని వెలుగే తన కథ తాను చెప్పుకుందనీ, మరచిపోలేని దృశ్యమనీ ట్రావర్స్ తరువాత రాశారు. అంతకు మూడేళ్ల ముందు, 1895లో, భూమి మీద హీలియంను వేరుచేసిందీ రామ్సేనే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలించిన నాటి నుంచి హీలియం కథలో మన నేలకు చోటుంది. నియాన్ కథలోనూ భారతదేశం ఉంది, అది అంతగా ప్రచారం కాలేదు. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థను ఎక్కడ నెలకొల్పాలో సలహా ఇవ్వడానికి వచ్చి బెంగళూరును సూచించినది రామ్సే. ఆ భారతీయ విజ్ఞాన సంస్థకు మొదటి డైరెక్టరుగా వచ్చినది ట్రావర్స్. ఆ ఎర్రని వెలుగును మొట్టమొదట చూసిన ఇద్దరికీ మన దేశపు విజ్ఞాన చరిత్రతో అంత దగ్గరి సంబంధం ఉంది.

విశ్వం మొత్తంలో నియాన్ సమృద్ధిగా దొరికే మూలకాల్లో ఐదోది. భూమి మీద మాత్రం అరుదు. దేనితోనూ కలవదు కాబట్టి రాళ్లలోనూ ఖనిజాల్లోనూ అది చిక్కుకోలేదు, భూమి ఏర్పడే దశలోనే చాలా వరకు జారిపోయింది. గాలిలో పది లక్షల పాళ్లకు 18 పాళ్లు మాత్రమే ఉంది. అయినా ఈ లెక్క మరో వైపు నుంచి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలిలో సుమారు 600 మిల్లీలీటర్ల నియాన్ ఉంటుంది. బోర్డుల్లో వాడే గొట్టంలో వాయువు పీడనం బయటి వాతావరణ పీడనంలో దాదాపు నూరో వంతు మాత్రమే కనుక, సెంటీమీటరు లోపలి వ్యాసం ఉన్న గొట్టాన్ని ఆ కాస్త వాయువుతో 700 మీటర్లకు పైగా నింపవచ్చు. నియాన్ కళలో ముడిసరుకు ఎంత స్వల్పమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఖర్చంతా దాన్ని గాలి నుంచి వేరుచేయడానికీ, గాజును వంచడానికీ అవుతుంది.

ప్రయోగశాల నుంచి వీధిలోకి నియాన్‌ను తెచ్చినవారు ఫ్రాన్సు దేశపు జార్జ్ క్లోద్. గాలిని ద్రవీకరించి ఆక్సిజన్ తీసే పరిశ్రమ ఆయనది, అందులో నియాన్ ఉప ఉత్పత్తిగా మిగిలేది. అంతకు ముందు అమెరికాలో మూర్ అనే ఆయన నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లతో దీపాల గొట్టాలు తయారుచేశారు గాని, ఆ వాయువులు మెల్లమెల్లగా హరించుకుపోయేవి, మళ్లీ మళ్లీ నింపుకోవలసి వచ్చేది. నియాన్‌కు ఆ బెడద లేదు, దాని జడత్వం మొదటిసారి వ్యాపారానికి పనికివచ్చింది ఇక్కడే. ఎలక్ట్రోడ్లు త్వరగా అరిగిపోకుండా వాటి వైశాల్యం పెంచడం క్లోద్ చేసిన ముఖ్యమైన మార్పు. 1910 డిసెంబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో 12 మీటర్ల గొట్టాలు రెండు వెలిగించి చూపారు. ఎర్రటి వెలుగు ఇంటి దీపంగా పనికిరాదని త్వరలోనే తేలింది, అప్పుడు అది ప్రకటనల వైపు మళ్లింది. 1912లో పారిస్‌లోని ఒక క్షౌరశాల బోర్డుతో మొదలై ఇరవై ఏళ్లు తిరగకుండానే పెద్ద నగరాల రాత్రులు దానితో నిండిపోయాయి. ఈ ప్రతిభావంతుడే రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీలతో సహకరించినందుకు 1945లో శిక్ష అనుభవించవలసి వచ్చింది. ఆ చరిత్రను దాచి ఆయన ఆవిష్కరణను మాత్రమే పొగడడం నాకు సరిగా తోచదు.

ఇక్కడ ఒక పెద్ద అపోహను విడదీయాలి. మనం నియాన్ లైట్లు అని పిలిచే వాటిలో ఎక్కువ భాగంలో నియాన్ లేదు. నియాన్ ఇచ్చేది ఎరుపు కలిసిన నారింజ రంగు ఒక్కటే. నీలం కావాలంటే ఆర్గాన్‌లో ఒక చుక్క పాదరసం వేస్తారు. ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులు ఆ పాదరసపు అతినీలలోహిత కాంతి గొట్టం లోపలి పూత మీద పడడం వల్ల వస్తాయి, కొన్నిసార్లు గాజుకే రంగు ఉంటుంది. గ్యాలరీలో లేత గులాబీ, నీలం, తెలుపు గొట్టాలు కలిసి ఉన్న కళాకృతి కనిపించినప్పుడు అందులో రెండు మూడు వేర్వేరు భౌతిక ప్రక్రియలు పక్కపక్కన నడుస్తున్నాయని గుర్తుంచుకోవాలి. అమెరికన్ కళాకారుడు డాన్ ఫ్లేవిన్ పేరు కూడా చాలామంది నియాన్‌తో ముడిపెడతారు. ఆయన 1963 నుంచి వాడినవి దుకాణంలో దొరికే మామూలు ట్యూబ్‌లైట్లు. వాటిలో వంపు లేదు, చేతిపని లేదు, అది వేరే సంప్రదాయం.

చేతిపని అన్నది నియాన్ కళలో ప్రధానమైన మాట. ఈ గొట్టాలను యంత్రాలు వంచలేవు. పనివాడు అసలు కొలతలో గీసిన బొమ్మను తిరగేసి బల్ల మీద పరుస్తాడు, ఎందుకంటే బోర్డు ముఖం వైపు సమతలంగా ఉండాలంటే వెనుక నుంచి పని చేయాలి. గొట్టాన్ని వరుస మంటల మీద తిప్పుతూ వేడిచేస్తాడు. గాజు మెత్తబడిన కొన్ని క్షణాల్లోనే బొమ్మ మీదికి తెచ్చి వంచాలి. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోకుండా నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో సన్నగా గాలి ఊదుతాడు. ఎక్కువ ఊదితే ఉబ్బుతుంది, తక్కువైతే చప్పిడి అవుతుంది. ఎలక్ట్రోడ్లు అతికించాక గాలి తోడేసి, గొట్టం గుండా బలమైన కరెంటు పంపి దాన్ని 200 డిగ్రీలకు పైగా కాలుస్తారు. గాజు గోడలకు అంటుకున్న తేమ, మలినాలు ఆ వేడికి విడిపోతాయి. గొట్టం మీద వేసిన కాగితం ముక్క మాడితే వేడి చాలినట్టు గుర్తు. మళ్లీ తోడేసి, అప్పుడు నియాన్ ఎక్కించి మూతి కరిగించి మూసేస్తారు. కాల్చి శుభ్రం చేసే ఈ దశలో అలసత్వం చూపితే గొట్టం నెలల్లో నల్లబడి మినుకుమినుకుమంటుంది. సరిగా చేసినది దశాబ్దాలు వెలుగుతుంది. లోపలి వాయువు ఖర్చయ్యేది కాదు, ఎలక్ట్రోడ్లు గాజు గోడకు అంటించే లోహపు పొరలో కొద్దికొద్దిగా చిక్కుకునే మేరకే అది తగ్గుతుంది. అక్షరాలన్నీ ఒకే గొట్టంతో వంచినప్పుడు అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉండే కలుపు భాగాన్ని నల్లరంగుతో కప్పేస్తారు. ఆ నల్లరంగు ప్రసక్తి ముందు మళ్లీ వస్తుంది.

కళలోకి నియాన్ ప్రవేశం

నియాన్‌ను శిల్పంలో వాడిన తొలి కళాకారుల్లో చెక్ దేశానికి చెందిన జ్దెనేక్ పెషానెక్ ఒకరు, 1930ల్లోనే ఆయన ప్రాగ్‌లో ఆ ప్రయత్నం చేశారు. 1946లో బ్యూనస్ ఎయిరీస్‌లో ద్యూలా కోసిచే నియాన్ గొట్టాలతో అమూర్త రూపాలు కట్టారు. ఇటలీ, అర్జెంటీనా రెండింటిలోనూ జీవించిన లూచియో ఫొంతానా 1951లో మిలాన్ త్రియెన్నాలే ప్రదర్శనలో, భవనపు ప్రధాన మెట్లదారి పైన సుమారు 100 మీటర్ల పొడవైన వెలుగు గొట్టాన్ని మెలికలు తిప్పి వేలాడదీశారు. మెట్లెక్కేవారికి అది చీకట్లో ఎవరో దివిటీని గిర్రున తిప్పినప్పుడు కంటిలో మిగిలే జాడలా కనిపించేది. రేఖాచిత్రం కాగితాన్ని విడిచి గాలిలో నిలబడడం అంతకు ముందు సాధ్యం కాలేదు. తీగతో శిల్పాలు చేసినవారున్నారు గాని, తీగకు వెలుగు బయటి నుంచి పడాలి. ఇక్కడ గీతే వెలుగు, వెలుగే గీత. వాయువు గొట్టం పొడవునా ఒకే తీరుగా వెలుగుతుంది గనుక ఆ గీతకు మొదలూ తుదీ, వెలుగూ నీడా అన్న తేడా ఉండదు. ఫొంతానా గీత తెల్లని వెలుగుది, అంటే నేను పైన చెప్పిన లెక్క ప్రకారం దాని వెలుగు నియాన్‌ది కాదు. కాని నియాన్ పరిశ్రమ నేర్పిన గాజుపని లేకుండా అది పుట్టేది కాదు.

అందరికన్నా ఎక్కువగా చర్చకు వచ్చిన పని బ్రూస్ నౌమన్‌ది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, అంతకు ముందు కిరాణా దుకాణంగా ఉన్న గదిని ఆయన స్టూడియోగా వాడుకునేవారు. కిటికీలో మిగిలిపోయిన బీరు ప్రకటన బోర్డు చూసి, అదే కిటికీలో పెట్టడానికి తానూ ఒక బోర్డు చేయించారు. ‘నిజమైన కళాకారుడు మార్మిక సత్యాలను వెల్లడించి లోకానికి తోడ్పడతాడు’ అన్న అర్థమిచ్చే వాక్యం సర్పిలంగా చుట్టుకుంటూ మధ్యకు సాగుతుంది. గులాబీ ఛాయగల ఎరుపు, నీలం అందులోని రంగులు. వీధిలో పోయేవారికి అది మరో దుకాణపు బోర్డు. వాక్యాన్ని చదివినవారికి మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇంత గంభీరమైన మాటను సరుకు అమ్మే వెలుగులో చెబితే అది నిజమా, ప్రకటనా? రెండింటికీ తావిస్తుంది కాబట్టే అది గొప్ప పని అని నేను అనుకుంటాను. ఆ వాక్యాన్ని కాగితం మీద అచ్చువేసినా, రాతి మీద చెక్కినా ఈ సందిగ్ధం పుట్టదు. నియాన్‌కు యాభై ఏళ్ల వ్యాపార చరిత్ర అప్పటికే ఉండడం వల్ల, ఆ చరిత్ర మొత్తం అక్షరాల వెనుక నిలబడింది. ఆ పరిశ్రమ నేర్పిన మాట తీరును నౌమన్ అరువు తెచ్చుకున్నారు.

దాదాపు అదే కాలంలో జోసెఫ్ కొసూత్ మరో దారి పట్టారు. 1965 నాటి ఆయన పనిలో ‘నారింజ నియాన్‌లో ఐదు మాటలు’ అనే అర్థమిచ్చే ఐదు ఇంగ్లిషు మాటలు నారింజ రంగు గొట్టంలో వెలుగుతుంటాయి, అంతకు మించి అందులో మరేమీ లేదు. ఎన్ని మాటలో, ఏ రంగో, ఏ పదార్థమో ఆ వాక్యమే చెబుతుంది, చెప్పిందానికీ కనిపించేదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఇదంతా తర్కంతో కూడిన ఆట అని కొట్టిపారేసేవారు ఉన్నారు. పరమాణువు వైపు నుంచి చూస్తే నాకు అలా అనిపించదు. తన స్థాయిల మధ్య ఉన్న తేడాను తప్ప మరో రంగును చూపలేని వాయువు కూడా తన గురించి తాను చెప్పడం తప్ప మరేమీ చేయదు. ఆ వాక్యానికి ఇంతకన్నా తగిన పదార్థం దొరకదు. అయితే కొసూత్ ఇదే పనిని ఆకుపచ్చ రంగులోనూ చేశారు. ఆకుపచ్చను నియాన్ తనంతట ఇవ్వలేదు, కాబట్టి ఆ రూపంలో వాక్యంలోని చివరి మాట వ్యాపారపు వాడుకలో మాత్రమే నిజమవుతుంది. రెండు పనులనూ పక్కపక్కన పెట్టినప్పుడు కనిపించే ఈ చిన్న పగులు, నా దృష్టిలో, ఆ వరుసకు లోతు తెచ్చింది.

ఇటలీ కళాకారుడు మారియో మెర్జ్ 1968లో చేసిన ఇగ్లూ ఆకారపు శిల్పం మీద వియత్నాం సేనాని జియాప్ మాటలు నియాన్ అక్షరాల్లో చుట్టూ తిరుగుతాయి. శత్రువు బలగాలను ఒకచోట కూర్చితే నేలను కోల్పోతాడు, చెదరగొడితే బలాన్ని కోల్పోతాడు అని ఆ మాటల సారం. యుద్ధనీతిగా అది ప్రసిద్ధం. గొట్టంలోని వాయువుకు కూడా అదే నియమం వర్తించడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. పీడనం మరీ ఎక్కువైతే ఎలక్ట్రాన్లు వేగం పుంజుకోకముందే ఢీకొని శక్తి పోగొట్టుకుంటాయి, మరీ తక్కువైతే ఢీకొనడానికి తగినన్ని పరమాణువులు ఉండవు. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరుకు హద్దులోనే వెలుగు పుడుతుంది. మెర్జ్ దీన్ని ఉద్దేశించారని నేను అనడం లేదు. తాను ఎంచుకున్న పదార్థం తన వాక్యానికి ఎంత అనుగుణమైనదో ఆ పనే చెబుతోందని మాత్రం అంటాను.

గ్లెన్ లైగన్ 2005లో చేసిన పని వేరే రకంగా కదిలిస్తుంది. ఒక పాత కథలో నల్లజాతి స్త్రీని వర్ణించడానికి వాడిన ‘నీగ్రో సన్‌షైన్’ అనే రెండు మాటలను ఆయన వెలుగు గొట్టాల్లో చేయించి, వాటి ముందు భాగమంతా నల్లరంగు పూశారు. వెలుగు వెనక్కి, గోడ మీదికి పోతుంది, అక్షరాలు నల్లగా నిలబడి వాటి చుట్టూ కాంతి వలయం కనిపిస్తుంది. బోర్డుల పనివారు అక్షరాల నడుమ అనవసరమైన భాగాన్ని దాచడానికి పూసే నల్లరంగు ఇదే. దాచవలసిన చోట పూసే రంగును చూపవలసిన ముఖానికే పూయడంలో ఆయన చెప్పదలచినదంతా ఉంది. అమెరికా సమాజం ఎవరిని వెనక్కి నెట్టిందో, నెట్టినా ఆ వెలుగు ఎలా బయటికి వస్తోందో ఆ గోడ మీద కనిపిస్తుంది. గాజుపని తెలిసినవారికి ఆ నల్లరంగు మరింత లోతుగా తగులుతుంది.

వెలగని నియాన్

ఇంతవరకు చెప్పినవన్నీ వెలుగుకు సంబంధించినవి. నియాన్‌ను వెలిగించకుండానే కళగా మార్చినవారు రాబర్ట్ బ్యారీ. 1969 వసంతంలో ఆయన కాలిఫోర్నియాలో హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్ వాయువులను కొలిచి తెచ్చి, ఆరుబయట గాలిలోకి వదిలేశారు. కొలత గల పరిమాణం నుంచి హద్దులేని వ్యాప్తి వరకు అన్నది ఆయన ఇచ్చిన వివరణ. తీసిన ఫొటోల్లో నేల, ఆకాశం తప్ప మరేదీ కనిపించదు. ప్రదర్శన కోసం వేసిన పోస్టరు దాదాపు ఖాళీ కాగితమే. చూడడానికి ఏమీ లేని కళ అని చాలామంది విసుక్కున్నారు, ఆ విసుగును నేను అర్థం చేసుకోగలను.

అయినా ఈ పనిని నేను నియాన్ కళలో అత్యంత కచ్చితమైనదిగా లెక్కిస్తాను, దానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. బ్యారీ ఆక్సిజన్‌ను వదిలి ఉంటే అది ఎక్కడో ఇనుముకు తుప్పుగానో, ఒక జీవి శ్వాసలోనో మారిపోయేది. జడవాయువు మారదు. హీలియం తేలిక కాబట్టి కాలక్రమంలో భూమిని వదిలి అంతరిక్షంలోకి పోతుంది. నియాన్ అంతకు ఐదు రెట్లు బరువైనది గనుక భూమి ఆకర్షణను దాటలేదు. కాబట్టి 1969లో వదిలిన నియాన్ పరమాణువులు నేటికీ అవే పరమాణువులుగా మన వాతావరణంలో ఉన్నాయి. అప్పుడు వదిలింది ఒక లీటరనే అనుకుందాం. వాతావరణంలోని మొత్తం అణువుల సంఖ్యతో భాగించి చూస్తే, ఇప్పుడు మనం పీల్చే ప్రతి శ్వాసలో సగటున రెండు మూడు పరమాణువులు ఆ లీటరువే. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా, డల్లాస్‌లోనైనా లెక్క ఒకటే. శిల్పం కూలిపోతుంది, చిత్రం మాసిపోతుంది. ఈ కళాకృతి చెదిరిపోయిందే గాని నశించలేదు, నశించే వీలు దానికి లేదు.

మిగతా ఉపయోగాలను క్లుప్తంగా చెబితే చాలు. ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులు ఉండవచ్చని స్థిరమైన మూలకాల్లో మొదట రుజువైంది నియాన్‌లోనే, 1912-13లో జె.జె. థామ్సన్ పరిశోధనల వల్ల. 1960 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో అలీ జవాన్ బృందం హీలియం-నియాన్ మిశ్రమంతో నిరంతరం వెలిగే మొదటి లేజర్‌ను సాధించింది. తరువాత వచ్చిన దాని ఎర్రని కిరణం 632.8 నానోమీటర్లది, కాలేజీ ప్రయోగశాలల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఎరుపు కూడా నియాన్ పరమాణువుదే, హీలియం దానికి శక్తిని అందించేది మాత్రమే. 27 కెల్విన్‌ల దగ్గర మరిగే ద్రవ నియాన్ చల్లబరిచే శక్తిలో, అదే ఘనపరిమాణంలో, ద్రవ హీలియంకు 40 రెట్లు. ఇవాళ నియాన్ ఎక్కువగా కావలసింది కంప్యూటర్ చిప్పుల తయారీకి. చిప్పుల మీద నమూనాలు ముద్రించే లేజర్లలో నిండే వాయువులో 95 శాతానికి పైగా నియానే ఉంటుంది. ఉక్కు కర్మాగారాల గాలి విభజన యంత్రాల నుంచి వచ్చే ముడి వాయువును శుద్ధిచేసే సంస్థలు ఉక్రెయిన్‌లోని మరియుపోల్, ఒడెసాల్లో ఉండేవి. ఆ తరహా నియాన్‌లో ప్రపంచ సరఫరాలో దాదాపు సగం వాటిదే. 2022 మార్చిలో యుద్ధం వల్ల అవి ఆగిపోయినప్పుడు ఈ వాయువు పేరు వార్తల్లోకి ఎక్కింది.

ఇదే సమయంలో వీధుల్లో నియాన్ వెనక్కి తగ్గుతోంది. ఎల్ఈడీ బల్బుల వరుసను సిలికాన్ పట్టీలో పెట్టి అమ్మే అలంకరణ దీపాలు కాఫీ దుకాణాల్లోనూ పెళ్లి మండపాల్లోనూ ఆ పేరుతోనే చలామణి అవుతున్నాయి. అవి చవక, పగలవు, తక్కువ వోల్టేజితో నడుస్తాయి, వాడుకునేవారిని నేను తప్పుపట్టను. కాని వాటి వెలుగు పట్టీ ముఖం వైపే వస్తుంది. గాజుగొట్టం అన్ని దిక్కులకూ వెలుగుతుంది, వెనుక గోడ మీద పడే కాంతి కూడా రూపంలో భాగమవుతుంది. లైగన్ పనిని ఎల్ఈడీ పట్టీతో చేయలేరు.

మ్యూజియంలకు దీనివల్ల నిజమైన ఇబ్బంది వచ్చిపడింది. గొట్టం పగిలితే అతికించడం కుదరదు, కొత్తది వంచాలి. అందువల్ల అసలు కళాకృతి అంటే గాజు కాదనీ, బొమ్మా కొలతలూ కళాకారుడి అనుమతీ కలిసినదే అసలుదనీ చాలా సంస్థలు అంగీకరించాయి. కాని బొమ్మ ఒక్కటే చాలదు. పాత ట్రాన్స్‌ఫార్మర్లు సన్నగా రొద చేస్తాయి, కొత్త ఎలక్ట్రానిక్ పరికరాలు నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ రొద కళాకృతిలో భాగమా కాదా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. కొన్ని రంగు గాజులు ఇప్పుడు తయారు కావడం లేదు. పాదరసం వాడకంపై ప్రపంచమంతటా ఆంక్షలు బిగుస్తున్నాయి, దానివల్ల నీలం, ఆకుపచ్చ, తెలుపు గొట్టాలకు ముందుముందు చిక్కు వస్తుంది. అసలైన నియాన్ నిండిన ఎర్రని గొట్టాలకు ఆ చిక్కు లేదు. పనుల పక్కన వేసే చీటీలు మాత్రం ఈ తేడా చూపకుండా అన్నిటికీ ‘నియాన్’ అనే ఒక్క మాటే రాస్తున్నాయి. తైలవర్ణమా, నీటిరంగా అని చిత్రం కింద రాసినట్టే, గొట్టంలో ఏ వాయువు ఉందో, పాదరసం ఉందో లేదో, పూత దేనితో వేశారో, ఏ పీడనంలో నింపారో కూడా రాసి భద్రపరచాలి. గొట్టాన్ని మళ్లీ వంచవలసిన పనివాడికి మొదట కావలసిన వివరాలు అవే.